కాలేజీ గేటు నుంచి బజారు దాకా

కాలేజీ పెట్టినంత మాత్రాన ఏ ఊరూ చదువుల ఊరు అయిపోదు. విద్యార్థి నడిచి ఊళ్లోకి రావాలి, ఊరు నడిచి కాలేజీలోకి వెళ్లాలి. అప్పుడే రెండూ కళకళలాడతాయి. బందరు, మదనపల్లె, బాపట్ల నేర్పే పాఠం ఇదే. తిరువూరు నేర్చుకోవాల్సిందీ ఇదే.

పొద్దున ఏడు దాటితే చాలు, గంపలగూడెం మండలం పెనుగొలనులో అయినా, తిరువూరు చుట్టుపక్కల మరే ఊళ్లో అయినా రోడ్డు మీద ఒకటే దృశ్యం. భుజాన బ్యాగు, మెడలో ఐడీ కార్డు, చేతిలో క్యారేజీ. పసుపుపచ్చ బస్సు వస్తుంది. పిల్లలు ఎక్కుతారు. మళ్లీ వాళ్లు దిగేది కాలేజీ ఆవరణలోనే. సాయంత్రం అక్కడే ఎక్కి, పొద్దుగూకేసరికి ఇంటి ముందు దిగుతారు. అలా నాలుగేళ్లు గడుస్తాయి. పట్టా చేతికొస్తుంది. చదువుకున్న ఊరేదని అడిగితే పేరు చెబుతారు గానీ, ఆ ఊళ్లో టీ ఎక్కడ బాగుంటుందో, గ్రంథాలయం ఏ వీధిలో ఉందో, సంత ఏ రోజో చాలామందికి తెలియదు. బస్సు కిటికీలోంచి కనిపించిన బోర్డులే వాళ్లకు తెలిసిన ఊరు.

ఇందులో పిల్లల తప్పు లేదు, కన్నవాళ్ల తప్పూ లేదు. పల్లెలో ఉన్న అమ్మానాన్నలకు ఆ బస్సే భరోసా. గడప దగ్గర ఎక్కి గడప దగ్గర దిగే అవకాశం ఉండబట్టే ఎందరో ఆడపిల్లలు ఇంటర్‌తో ఆగిపోకుండా ఇంజినీరింగ్ దాకా వెళ్లారు. ఆ మేలు చిన్నది కాదు. కానీ అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. గడచిన పాతికేళ్లలో మన చిన్న పట్టణాల శివార్లలో ఇన్ని కాలేజీలు వెలిశాయి కదా, మరి ఆ పట్టణాలకు చదువుల ఊరనే కళ ఎందుకు రాలేదు? వేలమంది యువతీయువకులు రోజూ వచ్చిపోతున్నా ఆ ఊళ్లో పుస్తకాల షాపు ఎందుకు నిలదొక్కుకోలేదు? ఓ సభ, ఓ నాటకం, ఓ మంచి ఉపన్యాసం ఎందుకు అరుదైపోయాయి?

జవాబు కోసం విదేశాలకు వెళ్లనక్కర్లేదు. మన జిల్లా పాత ముఖ్యపట్టణం దాకా వెళ్తే చాలు.

బందరు వీధుల్లో ఒక విశ్వవిద్యాలయం

2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా తిరువూరు ఉన్నది కృష్ణా జిల్లాలోనే. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం మచిలీపట్నం, మనందరి నోట బందరు. ఇంగ్లండు నుంచి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి తెరిచారు. తర్వాత అదే నోబుల్ కళాశాల అయింది. స్వదేశీ ఉద్యమం వేడి మీద ఉన్న రోజుల్లో, 1910లో, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నిలబెట్టారు. సర్కారు చదువుకు దీటుగా మన చదువు ఉండాలన్నది వాళ్ల పట్టుదల. అక్కడ పుస్తకాలతో పాటు చేతిపనులూ చిత్రలేఖనమూ నేర్పారు. బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడ బొమ్మలు వేయడం నేర్పితే, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకుని, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. జాతీయ పతాకం రూపకర్తగా మనం తలుచుకునే పింగళి వెంకయ్య కూడా అక్కడ పాఠాలు చెప్పినవారే.

ఇవన్నీ ఒకే ఊళ్లో జరగడం గమనించాలి. జాతీయ కళాశాల ఒక పక్క, నోబుల్ కళాశాల ఒక పక్క. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తెలుగు చెప్పిన హైస్కూలూ ఆ ఊళ్లోనే. ఆయన దగ్గర చదువుకున్న పిల్లల్లో విశ్వనాథ సత్యనారాయణ ఒకరు. వీటి నడుమ 1902లో పుట్టిన కృష్ణా పత్రిక కార్యాలయం. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా దానికి సంపాదకులు. సాయంత్రమైతే ఆయన చుట్టూ సాగే గోష్ఠిని దర్బారు అనేవారు. కవులు, గాయకులు, చిత్రకారులు, లాయర్లు, కుర్రకారు అక్కడ చేరేవారు. క్లాసులో మొదలైన వాదన పత్రికాఫీసులో ముగిసేది. పత్రికలో అచ్చయిన వ్యాసం మర్నాడు క్లాసులో చర్చకు వచ్చేది. 1923లో పట్టాభి అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. చదువు, పత్రిక, కళ, వ్యాపారం, రాజకీయం ఒకే ఊరి వీధుల్లో ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. అందరూ కాలినడక మనుషులు కావడమే అందుకు మూలం. ఒకరికొకరు తారసపడకుండా ఇల్లు చేరడం ఆ ఊళ్లో ఎవరి వల్లా కాదు.

రాజమండ్రిలోనూ అంతే. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. బొమ్మలు వేసే కుర్రాళ్లను చేరదీసి, క్లాసు గది బయటే ఎక్కువ నేర్పారు. ఆయన చేతి కింద తయారైనవారే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు. టైంటేబుల్లో లేని చదువు అది. గురువూ శిష్యుడూ ఒకే ఊళ్లో కాపురముంటేనే అది సాధ్యం.

మదనపల్లె ఇచ్చిన బాణీ

రాయలసీమ కొండల నడుమ ఉన్న మదనపల్లెలో అనీ బెసెంట్ ప్రోద్బలంతో 1915లో దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. దాన్నే బీటీ కాలేజీ అంటారు. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాల్. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు కొన్నాళ్లు విశ్రాంతికి ఆ ఊరు వచ్చారు. వారంలో ఒక రాత్రి విద్యార్థులూ అధ్యాపకులూ కూర్చుని పాటలు పాడుకోవడం ఆ కాలేజీలో అలవాటు. ఆ కూటమికి టాగూరు వచ్చారు, తన పాట ఒకటి పాడి వినిపించారు. అదే జనగణమన. కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం చదువుకున్నావిడ. ఆమె ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. ఆ రోజుల్లోనే టాగూరు దాన్ని ఇంగ్లిషులోకి తర్జుమా చేశారు.

ఆ కాలేజీకి అంతస్తుల మేడలూ, పెద్ద ఆడిటోరియమూ ఉండి ఇది జరగలేదు. వచ్చిన అతిథిని పిల్లల మధ్య కూర్చోబెట్టుకునే అలవాటు ఉండబట్టి జరిగింది. చిన్న ఊరికి ఉన్న బలం ఇదే. పెద్ద నగరంలో టాగూరు వేదిక మీద ఉంటారు, పిల్లలు గ్యాలరీలో ఉంటారు. చిన్న ఊళ్లో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు.

బియ్యం బస్తా మీద ఊరి పేరు

ఇవి వందేళ్ల నాటి ముచ్చట్లు, ఇప్పుడు నడుస్తాయా అని అనుమానించేవాళ్లు బాపట్ల చూడాలి. 2011 జనాభా లెక్కల్లో డెబ్బై వేలు దాటిన పట్టణం. విజయవాడ-చెన్నై రైలు మార్గంలో స్టేషను, ఊరి నడిబొడ్డున భావనారాయణస్వామి గుడి, కాస్త దూరంలో సూర్యలంక సముద్రతీరం. ఈ ఊరికి సభలు కొత్త కాదు. తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలన్న మాట గట్టిగా వినిపించిన మొదటి ఆంధ్ర మహాసభ 1913 మేలో బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతన జరిగింది ఇక్కడే.

1945లో ఇక్కడ వ్యవసాయ కళాశాల వచ్చింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో కోయంబత్తూరు తర్వాత రెండోది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దానిలో భాగమైంది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం. దానికి తోడుగా వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల, ఆహార సాంకేతిక కళాశాల వచ్చాయి. ఊరి పెద్దలు బాపట్ల ఎడ్యుకేషన్ సొసైటీగా ఏర్పడి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ, 1981లో ఇంజినీరింగ్ కాలేజీ, ఇంకా మరికొన్ని పెట్టారు. ఒకేసారి ఎవరో వచ్చి కట్టి వెళ్లిన విద్యానగరం కాదిది. తరానికొకటి చొప్పున, ఊరు తన ఒళ్లో తానే పెంచుకున్న కాలేజీలు.

కాలేజీ పక్కనే వరి పరిశోధన కేంద్రం. అక్కడ పుట్టిన ఒక వంగడం 1986లో విడుదలైంది. దాని నంబరు బీపీటీ 5204, పేరు సాంబ మసూరి. సన్నగింజ, మంచి రుచి. రైతులు ‘యాభై రెండు సున్నా నాలుగు’ అంటారు, బియ్యం కొట్టులో ‘బీపీటీ’ అంటారు. ఆ మూడక్షరాలు బాపట్లవి. తెలుగు రాష్ట్రాలు దాటి కర్ణాటక, తమిళనాడు పొలాల్లోకీ ఆ విత్తనం వెళ్లింది. ఎండాకు తెగులును తట్టుకునేలా హైదరాబాదు శాస్త్రవేత్తలు దాన్ని మెరుగుపరిచి 2008లో మరో రకం తెచ్చారు. 2025 మేలో దేశం విడుదల చేసిన తొలి జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన డీఆర్ఆర్ ధాన్ 100కు కూడా తల్లి సాంబ మసూరే. ఒక చిన్న ఊరి పరిశోధన నలభై ఏళ్లుగా కోట్లమంది కంచాల్లో అన్నమై ఉంటోంది. కాలేజీ ఊరి విజయాన్ని కొలవడానికి ప్లేస్‌మెంట్ల లెక్క కంటే ఇది గట్టి కొలమానం.

ఆ కాలేజీ పిల్లలు గోడల మధ్యే ఉండిపోరు. వ్యవసాయ డిగ్రీ చదివేవాళ్లు చివరి ఏడాదిలో కొన్ని నెలలు పల్లెల్లో రైతుల దగ్గర ఉండి పని నేర్చుకోవాలి. అందరూ దాన్ని రావెప్ అంటారు. అక్కడ మట్టి పరీక్ష చేస్తారు, విత్తనశుద్ధి చేసి చూపిస్తారు, గోడల మీద తెగుళ్ల బొమ్మలు గీస్తారు. అన్నిటికన్నా ముందు రైతు తిట్లు తింటారు, రైతింటి అన్నం తింటారు. ఊరి గురించి కాలేజీకి, కాలేజీ గురించి ఊరికి తెలిసేది అప్పుడే.

ఆ పదిహేను నిమిషాలు

ఇక అసలు విషయానికి వద్దాం. బాపట్ల లాంటి ఊళ్లో కాలేజీ గేటు నుంచి రథం బజారు దాకా నడవడంలో ఏముంది? మామూలు మనిషి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడుస్తాడు. అంటే పదిహేను నిమిషాల్లో ఒక కిలోమీటరు. ఆ కిలోమీటరు పొడవునా ఏం జరుగుతుందన్నదే ఊరిని నిలబెట్టేది.

పరీక్షలకు వారం ముందు ఏ కాలేజీ రోడ్డులోనైనా జిరాక్స్ షాపు చూడండి. సాయంత్రం అయిదుకల్లా గుమ్మం ముందు గుంపు. ఒకడి చేతిలో సీనియర్ రాసిన నోట్సు, ఒకమ్మాయి చేతిలో స్పైరల్ బైండింగ్ చేయించాల్సిన రికార్డు. యూనిట్-2 ఎన్ని కాపీలని షాపాయన అడుగుతాడు. ఏ సారు ఏ ప్రశ్న ఇస్తాడో పిల్లల కన్నా ఆయనకే బాగా తెలుసు, ఇరవై ఏళ్ల పాత ప్రశ్నపత్రాలు ఆయన దగ్గర కట్టలుగా ఉంటాయి. డబ్బు లేకపోతే పేరు రాసుకుని రేపిమ్మంటాడు. పక్కన బండి మీద మూకుట్లో మిరపకాయ బజ్జీలు సలసలమంటుంటాయి. కాగితం ముక్కలో నాలుగు పునుగులు పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇచ్చే ఆ మనిషికి ఏ బ్యాచ్ ఎప్పుడు బయటికొస్తుందో తెలుసు. ఎదురుగా మెస్సు. నెలకింత కట్టి కార్డు మీద టిక్కులు పెట్టించుకునే పిల్లలు వరసగా కూర్చుంటారు. వడ్డించే పిన్నిగారికి ఎవరికి పప్పు ఇష్టమో, ఎవరు పెరుగు ముట్టరో గుర్తే. రెండు రోజులు కనిపించకపోతే “ఏరా, ఒంట్లో బాగోలేదా?” అని అడుగుతుంది. పై అంతస్తులో గది అద్దెకిచ్చిన మాస్టారు పరీక్షల రోజుల్లో రాత్రి పదింటికి టీవీ కట్టేస్తారు.

డబ్బు ఊళ్లోనే తిరగడం ఇందులో ఒక సంగతి. బస్సెక్కి వెళ్లిపోయే విద్యార్థి ఫీజు కాలేజీ ఖాతాకు చేరుతుంది, బస్సు డీజిలు ఖర్చు ఆయిలు కంపెనీకి చేరుతుంది, ఊరికి మిగిలేది పొగ. నడిచొచ్చే విద్యార్థి పెట్టే ప్రతి పది రూపాయలూ దర్జీకి, సైకిలు షాపుకి, ఇడ్లీ బండికి, ఇంటి ఓనరుకి పంచిపోతాయి. ఊరంతా ఒక పెద్ద క్లాసు గదిగా మారడం అంతకన్నా పెద్ద సంగతి. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంటి ఓనరుతో బేరమాడటం, మెస్సు బిల్లు సర్దుబాటు చేసుకోవడం, వేరే కులం, వేరే మతం, వేరే జిల్లా మనిషితో ఒకే బల్ల మీద తినడం, రోడ్డు మీద ముసలాయనకు దారివ్వడం, సభలో లేచి ప్రశ్న అడగడం ఆ పదిహేను నిమిషాల దారిలో నేర్చుకుంటాడు. ఈ చదువు సిలబస్‌లో లేదు. ఉద్యోగమిచ్చేవాడు ఇంటర్వ్యూలో వెతికేది మాత్రం ఇదే.

అధ్యాపకుల మాట కూడా చెప్పుకోవాలి. ఒకప్పుడు కాలేజీ ఉన్న ఊళ్లోనే లెక్చరర్లు కాపురముండేవారు. సాయంత్రం వీధిలో నడుస్తుంటే శిష్యులు ఎదురయ్యేవారు, దుకాణదారు నమస్కారం పెట్టి వాళ్లబ్బాయికి ఏ గ్రూపు మంచిదో అడిగేవాడు. ఇప్పుడు ఎక్కువమంది పొద్దున్నే నగరం నుంచి వచ్చి, చివరి గంట కొట్టగానే నగరానికి వెళ్లిపోతున్నారు. పిల్లల చదువులు, ఆసుపత్రి, భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలు, అన్నీ న్యాయమైన కారణాలే. ఫలితం మాత్రం సాయంత్రం ఆరు దాటితే కాలేజీ ఉన్న ఊళ్లో ఒక్క అధ్యాపకుడూ మిగలకపోవడం. అధ్యాపకుడు నిద్రపోని ఊరు చదువుల ఊరు కాలేదు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థులకు ఇప్పటికీ ఓ నిబంధన ఉంది. టర్మ్ నడిచే రోజుల్లో ఊరి నడిబొడ్డున ఉన్న గ్రేట్ సెయింట్ మేరీ చర్చికి మూడు మైళ్ల లోపే నివాసముండాలి. ఎనిమిది వందల ఏళ్ల విశ్వవిద్యాలయం తన విద్యార్థి ఎక్కడ ఉండాలో కొలిచేది ఊరి మధ్య నుంచి. మనం కొలిచేది హైవే నుంచి.

గోడ ఎందుకు లేచింది?

మన కాలేజీలు ఊరి బయటికి పోవడానికి కారణం చిన్నదే, గట్టిదే. ఎకరాల కొద్దీ భూమి కావాలి. ఊళ్లో గజం ధర చుక్కలనంటుతుంది, బయట హైవే పక్కన చవక. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక 2008 ప్రాంతంలో ఇంజినీరింగ్ సీట్లు ఒక్కసారిగా పెరిగాయి. మామిడి తోటల మధ్య, పత్తి చేల మధ్య బిల్డింగులు లేచాయి. చుట్టూ కాంపౌండు గోడ కట్టి, గేటు దగ్గర సెక్యూరిటీని పెట్టారు. గోడ లోపలే క్యాంటీన్, స్టేషనరీ, హాస్టలు. ఊరితో పనే లేకుండా అన్నీ సమకూరాయి.

మనకు దగ్గరలోని నూజివీడు ఈ రెండు రకాల చదువులకూ చోటిచ్చింది. ఊళ్లోనే ధర్మ అప్పారావు కళాశాల ఉంది. అదే నూజివీడులో 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతిలో బాగా మార్కులు తెచ్చుకున్న పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల చదువు, అక్కడే వసతి. కూలీల పిల్లలు, కౌలురైతుల పిల్లలు అక్కడి నుంచి పెద్ద పెద్ద కంపెనీలకు వెళ్లారు. ఈ ప్రాంతం గర్వపడాల్సిన సంస్థ అది. పదహారేళ్లకే చేరతారు కాబట్టి బయటికి రావాలంటే అనుమతి కావాలి. ఆ జాగ్రత్త అర్థమయ్యేదే.

అయినా ఒక కోరిక చెప్పుకోవాలి. నూజివీడు చిన్నరసాల ఊరు, వీణల ఊరు. పనస దుంగను తొలిచి వీణ కుండను చెక్కే పనివాళ్లు ఉన్న పట్టణం. ధ్వనిశాస్త్రం చదివే విద్యార్థికి అంతకు మించిన ల్యాబు ఎక్కడ దొరుకుతుంది? మామిడి కాయ ఏ రోజు కోస్తే ఎన్నాళ్లు నిల్వ ఉంటుందన్నది చుట్టూ ఉన్న రైతుల సమస్య, లోపల ఉన్న కంప్యూటర్ విద్యార్థికి మంచి ప్రాజెక్టు. వారానికి ఒక పూట గేటు తెరిచి పిల్లలను ఊళ్లోకి నడిపిస్తే, నెలకొకసారి ఊరిని లోపలికి పిలిచి ఆ ప్రాజెక్టులు చూపిస్తే, ఆరేళ్లలో ఎంత కలిసొస్తుంది!

ఆడపిల్ల నడవగలిగితే అందరూ నడవగలరు

నడక గురించి మాట్లాడేటప్పుడు అందరికన్నా ముందు తలుచుకోవాల్సింది ఆడపిల్లను. రాత్రి ఎనిమిదింటికి గ్రంథాలయం నుంచి హాస్టలుకు ఒక అమ్మాయి భయం లేకుండా నడిచి వెళ్లగలిగితే ఆ ఊరు చదువుల ఊరు. లేకపోతే ఎన్ని ర్యాంకులు వచ్చినా కాదు. ఇందుకు సీసీ కెమెరాలు ఉపయోగపడతాయి. తెరిచి ఉన్న కొట్లు అంతకన్నా ఎక్కువ ఉపయోగపడతాయి. ఎనిమిదిన్నర దాకా జిరాక్స్ షాపు, పాల బూత్, మందుల షాపు తెరిచి ఉంటే ఆ వీధికి అన్ని జతల కళ్లు కాపలా. ఖాళీ వీధే భయపెట్టేది.

మిగతావి ఖర్చు లెక్కలు, పెద్దవేం కావు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఫుట్‌పాత్‌పై నడిచే చోటు కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి, అంటే ఆరడుగులు. మన ఊళ్లలో డ్రైనేజీ మీద పలకలు సరిగ్గా వేసినా సగం పని అయిపోతుంది. ఏప్రిల్ ఎండలో నీడ లేకుండా కిలోమీటరు నడవమనడం పాపం. కానుగ, వేప, నిద్రగన్నేరు మొక్కలు కాలేజీ రోడ్డుకు రెండు పక్కలా పెడితే అయిదారేళ్లలో గొడుగు పడతాయి. బజ్జీల బండ్లను తరిమేయడం పరిష్కారం కాదు. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ వేసి, వాళ్లకు గుర్తింపు కార్డులూ చోటూ ఇస్తే బండ్లు ఒక వరసలో ఉంటాయి, నడిచేవాళ్లకూ దారి ఉంటుంది.

గ్రంథాలయం సంగతి మరీ ముఖ్యం. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి, ఊరూరా పుస్తకం అందించాలని తిరిగిన గడ్డ ఇది. 1960 నాటి చట్టం ప్రకారం మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే తిరువూరులో ఇల్లున్న ప్రతివాడూ ఇప్పటికే గ్రంథాలయానికి డబ్బు కడుతున్నాడు. ఆ శాఖా గ్రంథాలయం సాయంత్రం ఏడు తర్వాత కూడా తెరిచి, పోటీ పరీక్షల పుస్తకాలు ఉంచి, పది మంచి కుర్చీలు, రెండు మంచి లైట్లు పెడితే పిల్లలు వాళ్లంతట వాళ్లే వస్తారు.

తిరువూరుకు ఏం తక్కువ?

ఇప్పుడు మన ఊరి మాట. తిరువూరు రెవెన్యూ డివిజన్ కేంద్రం, నగర పంచాయతీ. ఆంధ్ర, తెలంగాణ సరిహద్దున ఉన్న పట్టణం. ఇటు గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు. అటు సరిహద్దు దాటితే ఖమ్మం జిల్లా ఊళ్లు. జూనియర్ కాలేజీలు, డిగ్రీ కాలేజీలు, ఇంజినీరింగ్ చదువు అన్నీ ఉన్నాయి. చుట్టూ మామిడి, పత్తి, మిరప. విజయవాడ డెబ్బై కిలోమీటర్ల పైమాట. రోజూ వెళ్లి రావడానికి దూరం, సొంతంగా ఎదగడానికి సరిపడా దూరం. పెద్ద నగరం నీడలో మాడిపోకుండా నిలబడగలిగిన చోటు.

ఇబ్బంది కూడా కళ్ల ముందే ఉంది. విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఆనుకునే పోతుంది. లారీల వరస దాటి పిల్లలు అటూ ఇటూ నడవాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. కాలేజీలు, బస్టాండు, బజారు కలిపే దారుల్లో రెండు మూడు చోట్ల ఎత్తు జీబ్రా క్రాసింగులు, స్పీడ్ బ్రేకర్లు, వీధి దీపాలు పెట్టడం హైవే అధికారులూ మున్సిపల్ వాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తేలే పని.

కాలేజీ యాజమాన్యాలకు ఒక విన్నపం. బస్సులు ఆపేయమని ఎవరూ అనరు, పెనుగొలను పిల్లకు ఆ బస్సు కావాలి. వారానికి రెండు రోజులు సాయంత్రం బస్సును కాలేజీలో కాకుండా బజారులో, గ్రంథాలయం దగ్గర గంట ఆలస్యంగా ఎక్కించుకోండి. సెమినార్ హాలును శనివారం సాయంత్రం ఊరికి తెరవండి. మామిడి రైతుల సమస్య, మిరప ధర, పిల్లల నాటకం, ఓ కవి ఉపన్యాసం, ఏదైనా సరే, ఊరివాళ్లు వచ్చి కూర్చునేలా పిలవండి. మీ అధ్యాపకుల్లో ఊళ్లోనే కాపురం పెట్టేవాళ్లకు ఇంటి అద్దెలో కాస్త సాయం చేయండి. దానికయ్యే ఖర్చు ఒక హోర్డింగు ఖర్చు కన్నా తక్కువ. దానివల్ల వచ్చే పేరు హోర్డింగుతో రాదు.

ఇళ్ల యజమానులకూ వ్యాపారులకూ ఒక మాట. కులం అడిగి గది ఇచ్చే ఊరు, బ్యాచిలర్లకు ఇల్లు లేదని బోర్డు పెట్టే ఊరు చదువుల ఊరు కాలేదు. ఇవాళ మీ మేడ మీద గదిలో ఉన్న పిల్లవాడు రేపు ఆర్డీవో కావచ్చు, శాస్త్రవేత్త కావచ్చు. వాడు ఎక్కడికెళ్లినా మీ ఊరి పేరు వెంటబెట్టుకుని వెళ్తాడు. బందరుకీ బాపట్లకీ అంత పేరొచ్చింది అలాంటి పిల్లల వల్లనే.

చదువుల ఊరు కావడానికి కోట్ల ప్యాకేజీ అక్కర్లేదు, కేంద్రం నుంచి కొత్త విద్యాసంస్థ అక్కర్లేదు. ఉన్న కాలేజీలకూ ఉన్న ఊరికీ మధ్య నీడగా, వెలుగుగా, భయం లేని ఒక కిలోమీటరు దారి చాలు. ఈ విద్యా సంవత్సరం ముగిసేలోగా తిరువూరులో అలాంటి దారి ఒక్కటి తయారు చేయాలని నగర పంచాయతీని, కాలేజీలను, వ్యాపారులను అడుగుదాం. మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే ఈ ఆదివారం వాళ్లను వెంటబెట్టుకుని ఆ దారిలో ఒకసారి నడిచి చూడండి. ఎక్కడ అడుగు తీసి అడుగు వేయలేకపోయారో రాసి, సోమవారం నగర పంచాయతీ కార్యాలయంలో అర్జీగా ఇవ్వండి.